దొడ్డిగుమ్మం

మెల్బోర్న్ పడమటి శివార్లలో ఉండే తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో అన్నిటికన్నా వేగంగా పాకే వార్త కొత్త హోటల్ వార్త. టార్నీట్‌లో ఎవరో ఉలవచారు బిర్యానీ మొదలుపెట్టారట. ట్రుగనీనాలో ఆదివారం పొద్దున పూరీ, బొంబాయి చట్నీ పెడుతున్నారట. పాయింట్ కుక్‌లో ఉన్నది చేతులు మారిందట. సాయంత్రానికి ఫొటోలు వస్తాయి, రాత్రికి తీర్పులు వస్తాయి. 2016 జనాభా లెక్కల్లో ఆస్ట్రేలియా మొత్తమ్మీద ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 34 వేల పైచిలుకు. 2021 లెక్కలకి అది 59 వేలు దాటింది. అంతమంది నాలుకలున్నప్పుడు తీర్పులకి కొదవేముంటుంది!

ఆ తీర్పుల్లో ఉప్పు ఉంటుంది, కారం ఉంటుంది, ధర, పార్కింగ్, పిల్లల కుర్చీ అన్నీ ఉంటాయి. వండినవాడి గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు. అతనెవరు, ఏ కాగితం మీద ఈ దేశంలో ఉన్నాడు అని ఎవరూ అడగరు. నేనూ అడగను, బిర్యానీ ముందు కూర్చుని అడిగే ప్రశ్న కాదది. కానీ ఈ ఊళ్ళో బయట తినడం అనే అలవాటు ఎలా పెరిగిందో కొన్నాళ్ళుగా చదువుతుంటే నాకు పదే పదే తగిలింది ఆ కాగితమే. ముందు గుమ్మం మూసి ఉంచిన రోజుల్లో కూడా ఈ దేశం ఆసియావాళ్ళ కోసం దొడ్డిగుమ్మం ఒకటి ఓరగా తీసి ఉంచింది. అది వంటింట్లోకి తీస్తుంది.

అన్నిటికన్నా ముందు కూర వచ్చింది, మనుషులు తర్వాత వచ్చారు. టాస్మేనియాలోని హోబార్ట్ వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు, ఊరి వెనక కొండవాలు మీద తెల్లటి రాళ్ళతో పేర్చిన పెద్ద అక్షరాలు: 'కీన్స్ కర్రీ'. 1905 నుంచీ అక్కడే ఉన్నాయి. మనూళ్ళో కొండ మీద అక్షరాలంటే 'ఓం నమో వేంకటేశాయ' లాంటిదేదో ఉంటుంది. ఇక్కడ కూరపొడి ప్రకటన! జోసెఫ్ కీన్ అనే ఆయన ఇంగ్లండ్ నుంచి వలస వచ్చి, అక్కడ దుకాణం పెట్టి, సొంతంగా కూరపొడి కలిపి అమ్మాడు. 1866లో మెల్బోర్న్‌లో జరిగిన ఎగ్జిబిషన్‌లో ఆ పొడికి బహుమతి కూడా వచ్చింది. ఇప్పటికీ సూపర్‌మార్కెట్లో నారింజరంగు డబ్బాలో దొరుకుతుంది. మా ఆఫీసులో యాభై దాటిన ఆస్ట్రేలియన్లని అడిగితే, చిన్నప్పుడు అమ్మ దాంతో సాసేజీలు వండేదని చెప్తారు. రుచి ఎలా ఉంటుందంటారా, పసుపు కాస్త ఎక్కువైన పప్పుపొడిలా ఉంటుంది. అన్నంలో కలుపుకోకండి.

కొండ మీద ఆ అక్షరాలు పేర్చేనాటికి మనవాళ్ళు ఈ దేశంలోకి రాకుండా చట్టం వచ్చి నాలుగేళ్ళయింది. 1901లో ఆస్ట్రేలియా దేశంగా ఏర్పడగానే చేసిన మొదటి చట్టాల్లో ఒకటి వలస నియంత్రణ చట్టం. 'తెల్లవాళ్ళకే' అని అందులో ఎక్కడా రాయలేదు. రేవులో దిగినవాడికి అధికారి యాభై మాటల డిక్టేషన్ చెప్తాడు, తప్పుల్లేకుండా రాయాలి. ఏ భాషలో చెప్పాలనేది అధికారి ఇష్టం. 1934లో ఎగాన్ కిష్ అనే యూరపు రచయితని ఆపాలనుకున్నారు. ఆయనకి చాలా భాషలు వచ్చు కాబట్టి స్కాట్లండ్ గేలిక్‌లో పెట్టి ఫెయిల్ చేశారు. యూరపువాడికే ఆ గతి పట్టింది. ఆ పరీక్ష 1958 దాకా ఉంది. పొడి రావచ్చు, నూరేవాడు రాకూడదు.

అయితే నూరేవాళ్ళు, వేయించేవాళ్ళు అప్పటికే ఊళ్ళో ఉన్నారు. వాళ్ళు చైనావాళ్ళు.

1851లో విక్టోరియాలో బంగారం దొరికింది. దక్షిణ చైనా పల్లెల నుంచి వేలల్లో జనం బయల్దేరారు. 1855లో విక్టోరియా ప్రభుత్వం చైనా నుంచి వచ్చే ఒక్కొక్కరి మీద పది పౌండ్ల పన్ను వేసింది. ఓడల వాళ్ళు దానికి ఉపాయం కనిపెట్టారు: పక్కనే ఉన్న సౌత్ ఆస్ట్రేలియాలో రోబ్ అనే చిన్న రేవులో జనాన్ని దింపేశారు, అక్కడ పన్ను లేదు. అక్కణ్ణుంచి బంగారు గనులకి నడక. నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. విజయవాడలో బయల్దేరి శ్రీకాకుళం దాకా కావిడి భుజాన వేసుకుని నడిచినట్టు. సౌత్ ఆస్ట్రేలియా కూడా 1857లో పన్ను వేసేలోపు అలా పదహారు వేల మంది పైచిలుకు దిగారు. నడిచేదారిలోనే వాళ్ళకి బంగారం తగిలిన చోట ఆరారట్ అనే ఊరు వెలిసింది.

గనులకి వెళ్ళేవాళ్ళకి సామాను, బస, ఉత్తరాలు, తిండి సమకూర్చే వీధిగా మెల్బోర్న్ నడిబొడ్డున లిటిల్ బర్క్ స్ట్రీట్ తయారైంది. బంగారం అయిపోయాక జనం బల్లలు, బీరువాలు చేసే పనిలోకి దిగారు. తెల్ల వడ్రంగులు గోల పెట్టారు. 1896 ఫ్యాక్టరీల చట్టంలో ఒక విచిత్రమైన నిర్వచనం పెట్టారు: తెల్లవాళ్ళయితే నలుగురు పనిచేస్తేనే ఫ్యాక్టరీ. చైనావాడైతే ఒక్కడున్నా ఫ్యాక్టరీయే. అంటే ఒంటరిగా బల్ల చేసుకునేవాడి మీద కూడా ఫ్యాక్టరీ నిబంధనలన్నీ పడతాయి. పైగా చైనావాళ్ళు చేసిన సామాను మీద ఆ సంగతి ముద్ర వేయాలి. అలా ఒక్కొక్క పనిలోంచీ తోసేస్తుంటే మిగిలినవి రెండు మూడు: కూరగాయల తోటలు, లాండ్రీలు, వంట. వంటలో పోటీకి వచ్చే తెల్లవాళ్ళు తక్కువ.

1901 తర్వాత ఆ వీధి ముసలిదైపోయింది. కొత్తవాళ్ళు రారు, ఉన్నవాళ్ళలో ఆడవాళ్ళు దాదాపు లేరు. అక్కడే దొడ్డిగుమ్మం తెరుచుకుంది. చట్టానికి మినహాయింపులు ఉండేవి. వర్తకులకి, విద్యార్థులకి, తర్వాత తర్వాత చైనీస్ కేఫ్‌లలో వంటవాళ్ళకి. తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు. గడువు తీరినప్పుడల్లా పొడిగించుకోవాలి. ఆ కాగితం మనిషిది కాదు, పనిది. యజమాని దగ్గర వంట చేస్తున్నంత కాలం ఉండొచ్చు, గరిటె దించితే ఓడెక్కాలి. ఇరవై ఏళ్ళు ఇక్కడ వండినవాడు కూడా లెక్క ప్రకారం తాత్కాలికుడే. యూరపువాళ్ళు కానివాళ్ళు పదిహేనేళ్ళు ఉంటే పౌరసత్వం అడగొచ్చని చెప్పింది 1957లో.

ఆ వంటవాళ్ళ చేతి తిండి ఊరికి ఎలా అలవాటైందో చదువుతుంటే సరదాగా ఉంటుంది. ఇంటి నుంచి గిన్నె తెచ్చుకునేవారట. అప్పటికి ప్లాస్టిక్ డబ్బాలు లేవు కదా. శనివారం సాయంత్రం తండ్రి మూకుడు చేత పట్టుకుని చైనావాళ్ళ కేఫ్ దగ్గర నిలబడి, చౌమీన్ నింపించుకుని, మూత పెట్టి ఇంటికి తెచ్చేవాడు. మా తాతగారు తెనాలిలో క్యారియర్ పట్టుకెళ్ళి ఇడ్లీ, సాంబారు తెచ్చేవారని మా నాన్న చెప్తుంటే విన్నాను కాబట్టి నాకు ఆ గిన్నెల వరస కళ్ళకి కట్టినట్టుంటుంది. 1945లో విలియం వింగ్ యంగ్ అనే ఆయన, కాంటన్‌వాళ్ళ మాంసపు పొట్లాన్ని లావు తోలుతో, పెద్ద సైజులో, ఫుట్‌బాల్ మైదానాల దగ్గర చేత్తో పట్టుకుని తినేలా మార్చి అమ్మడం మొదలుపెట్టాడు. అదే డిమ్ సిమ్. ఈరోజు ఫిష్ అండ్ చిప్స్ కొట్లో డిమ్ సిమ్ అడిగేవాడెవడూ చైనా తిండి తింటున్నాననుకోడు. అది మెల్బోర్న్ తిండి.

ఇటాలియన్లది వేరే కథ, త్వరగా చెప్పేస్తాను. ఇక్కడ 'హోటల్' అంటే సారా లైసెన్స్ ఉన్న పబ్బు. మన అర్థంలో హోటల్ కాదు, కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు ఒకసారైనా టిఫిన్ కోసం వెళ్ళి వెనక్కి వస్తారు. 1916లో యుద్ధం పేరు చెప్పి ఆ హోటళ్ళు సాయంత్రం ఆరింటికి మూసేయాలన్నారు. యుద్ధం అయిపోయినా ఆ నిబంధన 1966 దాకా పోలేదు. ఐదింటికి ఆఫీసు వదిలితే గంటలో తాగగలిగినంత తాగి ఇంటికెళ్ళడమే, ఇంక భోజనం ఎక్కడ? అలాంటి ఊళ్ళో రాత్రిపూట టేబుల్ దగ్గర కూర్చుని నింపాదిగా తినడం నేర్పినవాళ్ళు ఇటాలియన్లు. బర్క్ స్ట్రీట్‌లో ఫ్లోరెంటినో 1928లో, దానికి దగ్గర్లోనే పెల్లెగ్రినీస్ కాఫీ బార్ 1954లో వచ్చాయి. పెల్లెగ్రినీస్‌ని నలభై ఏళ్ళకి పైగా నడిపిన సిస్టో మలస్పీనా 2018 నవంబర్‌లో అదే వీధిలో ఒక ఉగ్రవాది కత్తికి బలయ్యాడు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేశారు. కాఫీ పోసే మనిషికి రాష్ట్రం చేసిన మర్యాద అది. ఈ ఊరికి తన తిండి మీద ఎంత ప్రేమో దాన్నిబట్టి తెలుస్తుంది. ఇటాలియన్లని కూడా వెక్కిరించారు, కానీ వాళ్ళు వచ్చింది ముందు గుమ్మంలోంచి.

1973 నాటికి వైట్ ఆస్ట్రేలియా విధానం పూర్తిగా పోయింది. దొడ్డిగుమ్మం అవసరం కూడా పోయి ఉండాలి.

2005 ప్రాంతంలో మళ్ళీ తెరుచుకుంది. అప్పట్లో శాశ్వత నివాసానికి పాయింట్ల లెక్క. దేశంలో కొరత ఉన్న వృత్తుల జాబితా ఒకటుండేది, మనవాళ్ళు 'మోడల్ లిస్టు' అనేవారు. అందులో ఉన్న పని నేర్చుకుంటే అదనపు పాయింట్లు. ఆ జాబితాలో వంటవాడు చేరాడు, జుట్టు కత్తిరించేవాడూ చేరాడు. ఇంకేముంది, మెల్బోర్న్‌లో లిఫ్టు లేని మేడల మీద కూడా వంట కాలేజీలు వెలిశాయి. హైదరాబాద్‌లో, విజయవాడలో, జలంధర్‌లో కన్సల్టెన్సీల బోర్డుల మీద తెల్ల టోపీ పెట్టుకున్న కుర్రాడి బొమ్మ. 2009 నాటికి ఆస్ట్రేలియాలో భారతీయ విద్యార్థుల నమోదులు లక్ష దాటాయి.

చదువు ఒక్కటే చాలదు, తొమ్మిది వందల గంటలు వంటింట్లో పనిచేసినట్టు యజమాని ఉత్తరం కావాలి. ఈ ఒక్క నిబంధన ఏం చేసిందో చెప్పాలంటే పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. ఉత్తరం ఇచ్చేవాడి చేతిలో భవిష్యత్తు పెట్టి, అతని దగ్గరే పని చేయమన్నారు. జీతం ఎంతని అడిగే నోరు ఎవరికుంటుంది? కొంతమంది ఆ గంటలన్నీ జీతం లేకుండా చేశారు. కొంతమంది డబ్బిచ్చి ఉత్తరం కొనుక్కున్నారు. 2009 జూలైలో ఏబీసీ టీవీ 'ఫోర్ కార్నర్స్' కార్యక్రమం ఆ కాలేజీల బాగోతం, ఉత్తరాల వ్యాపారం బయటపెట్టింది.

సరిగ్గా ఆ నెలలోనే నేను మాస్టర్స్ చదవడానికి దిగాను. ఇద్దరు పట్టే గదిలో నలుగురం. నేనూ ఇంకొకడూ ఐటీ, ఒకడు అకౌంటింగ్, నాలుగోవాడు వంట. నాలుగోవాడిది గుంటూరు దగ్గర పల్లెటూరు, బీకాం చదివాడు. ఇంట్లో ఏనాడూ స్టవ్ వెలిగించి ఎరగడు. కాలేజీలో ఫ్రెంచి సాస్‌లు ఐదు రకాలు నేర్పేవాళ్ళు, పనిచేసే చోట బటర్ చికెన్, రోగన్ జోష్, విందాలూ. గోంగూర వండితే తినేవాడు మేమే. అతని తొమ్మిది వందల గంటల్లో మూడొంతులకి జీతం రాలేదు. ఆ రెస్టారెంటు పేరు ఇక్కడ అనవసరం. అదే వంటింట్లో నేను వారాంతాల్లో గిన్నెలు తోమేవాణ్ణి. నాకు గంటకి ఎంతో కొంత వచ్చేది, ఎందుకంటే నాకు వాళ్ళ ఉత్తరంతో పని లేదు.

మేం దిగేనాటికి ఊరు ఉడుకుతోంది. మే నెలలో ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన ఒక తెలుగు విద్యార్థిని పార్టీలో చొరబడినవాళ్ళు స్క్రూడ్రైవర్‌తో పొడిచారు, రోజుల తరబడి స్పృహ లేదు. మే 31న వేలమంది విద్యార్థులు ఊరేగింపు తీసి, ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ ముందు కూడలిలో బైఠాయించారు. తెల్లవారుజామున పోలీసులు లేపేశారు. తర్వాత 2010 జనవరి 2 రాత్రి, యారావిల్‌లో ఒక పార్కు మీదుగా బర్గర్ రెస్టారెంటులో పనికి వెళ్తున్న పంజాబ్ కుర్రాణ్ణి పొడిచి చంపారు. ఇరవై ఒక్కేళ్ళు. ఈ దాడులు జాతి ద్వేషమా, దోపిడీలా అని రెండు దేశాల టీవీలూ నెలల తరబడి వాదించుకున్నాయి. మాకు తెలిసింది ఒకటే: దెబ్బలు తిన్నవాళ్ళలో చాలామంది అర్ధరాత్రి వంటిల్లు కడిగి, ఆఖరి రైలు దిగి, నడిచి ఇంటికెళ్ళేవాళ్ళు. చవగ్గా గది దొరికే చోట్లు, రాత్రి షిఫ్టులు, చేతిలో ఫోను, జేబులో ఆ రోజు ఇచ్చిన నోట్లు. టేబుళ్ళ దగ్గర తినేవాళ్ళు అప్పటికి ఇళ్ళు చేరి నిద్రపోతుంటారు.

ఆ జనవరిలోనే మియా నార్త్రప్ అనే మెల్బోర్న్ ఆవిడకి ఒక ఆలోచన వచ్చింది. మనం ఏం చేయగలం? ఒకే రోజు అందరం దగ్గర్లో ఉన్న ఇండియన్ రెస్టారెంటుకి వెళ్ళి తిందాం, మీ పక్కన ఉన్నాం అని చెబుదాం. 'విందాలూ అగైన్‌స్ట్ వయొలెన్స్' అని పేరు పెట్టి, ఫేస్‌బుక్‌లో పిలుపిచ్చింది. తేదీ 2010 ఫిబ్రవరి 24. వంద మంది వస్తే గొప్ప అనుకునే చోట పదిహేడు వేల మందికి పైగా పేర్లిచ్చారు.

విందాలూలో ఆలూ లేదని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అది పోర్చుగీసు వాళ్ళు వెల్లుల్లి, సారా కలిపి ఊరబెట్టే మాంసం, గోవాకి వచ్చి మిరపకాయతో వియ్యమందింది. వందేళ్ళు బ్రిటన్‌లో తిరిగి, కారానికి మారుపేరై ఇక్కడికి చేరింది. మా గుంటూరువాడు ఆ మాట మొదటిసారి విన్నది మెల్బోర్న్‌లోనే.

ఆ బుధవారం రాత్రి నేను సెలవు పెట్టకుండా పనికెళ్ళాను. బయట వీధి దాకా వరస. ఎప్పుడూ చూడని జనం: ఆఫీసుల నుంచి గుంపులు గుంపులుగా, ముసలి దంపతులు, స్కూల్ టీచర్లు. ఒకావిడ వంటింటి తలుపు దాకా వచ్చి, మాకందరికీ థాంక్స్ చెప్పి వెళ్ళింది. నేను దాన్ని వెటకారం చేయను. ఆ రోజుల్లో ట్రామ్‌లో పక్క సీటు ఖాళీగా ఉంటే దానికి కారణాలు వెతుక్కునే స్థితిలో ఉన్నాం మేము. ఆవిడ మొహం నాకింకా గుర్తుంది. కానీ తందూరు పక్కన నిలబడ్డ మావాడు ఆ రాత్రంతా మాట్లాడలేదు. చివర్లో పెనాలు నా తొట్లో పడేస్తూ అడిగాడు: "అన్నా, వీళ్ళు ఇంత ప్రేమగా తింటున్నారు గదా, మరి మనకి పాయింట్లు ఎందుకు పీకేశారు?"

ఎందుకంటే సరిగ్గా పదహారు రోజుల ముందు, ఫిబ్రవరి 8న, వలసల మంత్రి క్రిస్ ఎవాన్స్ ఆ మోడల్ లిస్టు మొత్తాన్ని రద్దు చేశారు. జూలై నుంచి వచ్చిన కొత్త జాబితాలో వంటవాడు లేడు. మంత్రి చెప్పిన కారణంలో న్యాయం లేకపోలేదు: వంట రానివాళ్ళని, వంట చేయాలని లేనివాళ్ళని వంటవాళ్ళుగా తయారు చేస్తున్న కాలేజీలకి అడ్డుకట్ట పడాల్సిందే. కానీ గుమ్మం తీసింది ఎవరు? అప్పు చేసి లోపలికి వచ్చినవాళ్ళు సగంలో ఉండగా మూసింది ఎవరు? అప్పటికే చదువుతున్నవాళ్ళకి ఒక వెసులుబాటు ఇచ్చారు. చదువయ్యాక పద్దెనిమిది నెలల తాత్కాలిక వీసా. ఆ లోపు ఏ యజమానినైనా స్పాన్సర్‌గా వెతుక్కోవాలి. ఇది చదివినప్పుడల్లా నాకు లిటిల్ బర్క్ స్ట్రీట్ సర్టిఫికెట్లు గుర్తొస్తాయి. కాగితం మనిషిది కాదు, పనిది.

ఆ రెండు తేదీలనీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు నాకు ఎక్కడా కనపడలేదు. విందాలూ రాత్రి గురించి చెప్పేవాళ్ళు టేబుళ్ళ గురించి చెప్తారు. జాబితా రద్దు గురించి రాసేవాళ్ళు పాయింట్ల గురించి రాస్తారు. రెంటి మధ్యా ఒక స్వింగ్ డోర్ ఉంది, అంతే దూరం.

మన తిండి మాత్రం ఆ గొడవల మధ్యే వేళ్ళూనింది. 2007లో వెస్ట్ ఫుట్‌స్క్రేలో దోస హట్ మొదలైంది. యారావిల్‌లో ఆ కుర్రాడు పడిపోయిన పార్కుకి అది ఎంతో దూరం లేదు. అంతకు ముందు ఈ ఊళ్ళో ఇండియన్ రెస్టారెంట్ అంటే నాన్, బటర్ చికెన్. దోసె కోసం జనం రైలెక్కి వచ్చేవాళ్ళు. తర్వాత బార్క్లీ స్ట్రీట్ పొడుగునా కొట్లు పెరిగి, దాన్ని లిటిల్ ఇండియా అనడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఇళ్ళ ధరల వెంట మనవాళ్ళు ఇంకా పడమరకి, టార్నీట్ దాకా పోయారు, హోటళ్ళు వాళ్ళ వెనకే వెళ్ళాయి.

2014లో షెఫ్ అనే పదవి మళ్ళీ జాబితాలోకి వచ్చింది. యజమాని స్పాన్సర్ చేసే వీసాలు ఎలాగూ నడుస్తూనే ఉన్నాయి. వాటికి కనీస జీతం పదేళ్ళ పాటు 53,900 డాలర్ల దగ్గరే కదలకుండా ఉండి, 2023 జూలైలో ఒక్కసారిగా 70,000కి పెరిగింది. వంటవాళ్ళకి ఇంకో మెలిక కూడా ఉంది: ఫాస్ట్‌ఫుడ్, టేక్ అవే కొట్లు స్పాన్సర్ చేయడానికి లేదు. కూర్చోబెట్టి వడ్డించే చోటయి ఉండాలి. మన టిఫిన్ సెంటర్లు ఆ లెక్కలో ఎటు వస్తాయో మీరే ఆలోచించండి. కౌంటర్లో టోకెన్ తీసుకుని, నిలబడి పెసరట్టు తినే చోట వంటవాడు దొరకడం ఎందుకంత కష్టమో, మెనూలో నాలుగు టేబుళ్ళ భోజనాలు హఠాత్తుగా ఎందుకు మొలుస్తాయో అర్థమవుతుంది.

మా గుంటూరువాడు మెల్బోర్న్‌లో ఎవరూ స్పాన్సర్ చేయక, ఐదు గంటల దూరంలో ఒక చిన్న ఊరి పబ్బులో చేరాడు. ఊళ్ళో భారతీయుడు ఒక్కడే. మూడేళ్ళు చికెన్ పార్మాలు, ఫిష్ అండ్ చిప్స్, ఆదివారం రోస్టు వండాడు. ఓనరు మంచివాడు, జీతం సరిగ్గా ఇచ్చాడు, కాగితాల మీద సంతకం పెట్టాడు. శాశ్వత నివాసం వచ్చిన నెలకి అతను గరిటె దించేశాడు. ఇప్పుడు డాండెనాంగ్‌లో ఉంటాడు, సొంత ట్రక్కు, ఇద్దరు పిల్లలు. అతని పెళ్ళి ఫొటోల్లో ఉన్న వంట కాలేజీ స్నేహితులు ఆరుగురిలో ఇంకా వంటింట్లో ఉన్నది ఒక్కడు. మిగతావాళ్ళు బస్సులు, గిడ్డంగులు, ఒకడు రియల్ ఎస్టేట్. కాగితం చేతికి రాగానే అందరూ వెళ్ళిపోయే పని కాబట్టే వంటవాళ్ళ కొరత ఎప్పటికీ తీరదు, దొడ్డిగుమ్మం ఎప్పటికీ పూర్తిగా మూయరు.

మొన్న వాళ్ళింటికి వెళితే భోజనం వాళ్ళావిడ వండింది. పచ్చిపులుసు, వంకాయ కారం. మావాడు ఉల్లిపాయలు తరిగిచ్చాడు, అదీ చూడకుండా, టీవీ వైపు తిరిగి, కాలేజీలో నేర్పిన పద్ధతిలో, వేళ్ళు లోపలికి మడిచి.